రంగును విడిపించే ద్రవాలు: పాడర్‌బోర్న్ ప్రాంతం చెప్పే చరిత్ర

చెక్కకు రంగు పూసే వృత్తిలో పూత ఎంత ముఖ్యమో, పూతను విడిపించడమూ అంతే ముఖ్యం. పని ముగిశాక కుంచె వెంట్రుకల మధ్య ఇరుక్కున్న రంగును తీయాలి, పాత బల్ల మీద నల్లబడిన వార్నిష్‌ను కడగాలి, కొత్త పూతకు ముందు పెచ్చులు లేచిన పాత పూతను పూర్తిగా తొలగించాలి. ఈ పనులకు నేడు వాడే టర్పెంటైన్, స్పిరిట్, తిన్నర్, కిరోసిన్ వంటి ద్రవాలను రసాయనశాస్త్రం ద్రావణులు అంటుంది. మరొక పదార్థాన్ని తమలో కరిగించుకుని, పని అయ్యాక ఆవిరై గాలిలో కలిసిపోవడం వీటి స్వభావం. ఇవి లేకుండా రంగు పని సాగదన్న నమ్మకం ఎంత బలంగా పాతుకుపోయిందంటే, ఇవి లేని కాలం ఒకటి ఉండేదని, ఆ కాలంలోనూ మేలైన రంగు పని జరిగిందని గుర్తు చేయవలసి వస్తుంది. జర్మనీలోని పాడర్‌బోర్న్ నగరమూ దాని పరిసరాలూ ఈ చరిత్రను పరిశీలించడానికి ఎంతో అనువైనవి. ద్రావణి లేని రంగు పనిని వివరించిన మధ్యయుగ గ్రంథంతో సంబంధం ఉందని పలువురు పండితులు భావించిన మఠం, ద్రావణులను శాస్త్రీయ సాధనంగా వాడి చరిత్రకెక్కిన ఒక యువ ఔషధకారుడి పనిచోటు, జర్మనీ ఫర్నిచర్ పరిశ్రమకు ఆయువుపట్టయిన పట్టణాల వరుస, పూతల రసాయనాన్ని అధ్యయనం చేసే విశ్వవిద్యాలయం, ఇవన్నీ ఆ ఒక్క ప్రాంతంలోనే కనిపిస్తాయి.

పాడర్‌బోర్న్ నేటి ఉత్తర రైన్-వెస్ట్‌ఫాలియా రాష్ట్రానికి తూర్పు భాగంలో, 200కు పైగా ఊటలు కలిసి పాడర్ నదిగా మారే చోట వెలసిన నగరం. చార్లెమేన్ చక్రవర్తి 777లో ఇక్కడ రాజ్యసభ జరిపాడు, 799లో పోప్ మూడవ లియోను ఇక్కడే కలుసుకున్నాడు. 836లో ఫ్రాన్సులోని లె మాన్స్ నుంచి సెయింట్ లిబోరియస్ అస్థికలు తెచ్చిన తరువాత ఇది యాత్రాస్థలంగానూ పేరు పొందింది. బిషప్పు పీఠం ఉన్న ఇటువంటి నగరానికి పెద్ద చర్చి, దానికి బలిపీఠాలు, ద్వారాలు, ఆసనాలు, పెట్టెలు, చెక్కబొమ్మలు నిరంతరం అవసరమయ్యేవి. 1009 నుంచి 1036 వరకు బిషప్పుగా ఉన్న మైన్‌వెర్క్ కాలంలో నగరంలో నిర్మాణాలు విస్తారంగా సాగాయి. తూర్పున వేజర్ నదికి చేరువలో, 997లో స్థాపితమైన హెల్మార్స్‌హౌజెన్ బెనెడిక్టైన్ మఠం 1017లో చక్రవర్తి రెండవ హైన్రిష్ చేతుల మీదుగా మైన్‌వెర్క్ పీఠానికే దక్కింది. నగరంలోని పీఠానికి కావలసిన కళాకృతులలో శ్రేష్ఠమైనవి కొన్ని ఈ మఠం నుంచే వచ్చాయి.

1100 ఆగస్టు 15 నాటి ఒక పత్రం ప్రకారం, బిషప్పు హైన్రిష్ ఫాన్ వెర్ల్ ఒక బంగారు శిలువకూ, సెయింట్ కిలియన్, సెయింట్ లిబోరియస్‌ల గౌరవార్థం చేసిన ఒక పేటికకూ ప్రతిఫలంగా ఆ మఠానికి ఒక చర్చినీ కొంత రాబడినీ ఇచ్చాడు. ఈ పేటిక పాడర్‌బోర్న్ కెతీడ్రల్‌కు చెందిన, ప్రయాణాల్లో వెంట తీసుకువెళ్ళగల చిన్న బలిపీఠమేనని చాలాకాలం భావించారు. దాని కాలం విషయంలో పండితుల మధ్య భిన్నాభిప్రాయాలున్నా, అది మఠంలో పనిచేసిన రోజర్ అనే లోహకారుడి చేతిపని అన్న అభిప్రాయం చాలామంది అంగీకరించినది. ఈ రోజరే ‘దె దివెర్సిస్ ఆర్టిబస్’ అని పిలిచే లాటిన్ గ్రంథాన్ని థియోఫిలస్ అన్న మారుపేరుతో రాశాడన్న వాదనకు ఆధారం, వియన్నాలోని 12వ శతాబ్దపు ప్రతిలో థియోఫిలస్‌కు రోజర్ అన్న పేరు కూడా ఉందని కనిపించే శీర్షిక. ఆ గుర్తింపు నిలుస్తుందా లేదా అన్న చర్చ ఇంకా ముగియలేదు. అయినా గ్రంథం చెప్పే పద్ధతులు 12వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఉత్తర జర్మనీ మఠాల పనిశాలల్లో వాడుకలో ఉన్నవేనన్న నిర్ణయానికి ఆ చర్చ అడ్డు కాదు.

ఈ గ్రంథం మూడు భాగాలలో మొదటిది రంగులకు, రెండవది గాజుకు, మూడవది లోహాలకు సంబంధించినది. మొదటి భాగంలోని రంగు పని ఒక చెక్కపనివాడి మనసుతో రాసినట్టు ఉంటుంది. బలిపీఠం పలకలను, తలుపులను అతికించడానికి జున్నును వేడినీళ్ళలో కడిగి, దంచి, సున్నంతో కలిపి చేసే జిగురును రచయిత వివరిస్తాడు. అది ఆరిన తరువాత తేమకూ వేడికీ విడిపోదని చెబుతాడు. గుర్రపు జీనులు, పల్లకీలు, మడత కుర్చీలు, పాదపీఠాల వంటి, తోలుతో గాని బట్టతో గాని కప్పడం కుదరని చెక్కడపు పనికి వేరే పద్ధతి ఉంది. మొదట ఇనుప పనిముట్టుతో గీకి, తరువాత తేమ నేలలో పెరిగే గరుకు కాండపు మొక్కతో రుద్ది, రెండుసార్లు తెల్లపూత వేసి, ఆరాక మళ్ళీ అదే మొక్కతో నునుపు చేసి, అప్పుడు కంపాసుతో కొలిచి బొమ్మ గీయమంటాడు. ఆ మొక్క కాండంలో ఇసుకలో ఉండే సిలికాయే సూక్ష్మమైన కణాలుగా పేరుకుని ఉండటం వల్ల అది ఆనాటి ఉప్పుకాగితంగా పనిచేసేది. పాత పూతను తీయడానికి కూడా ఆ కాలంలో గీకుడు, రుద్దుడే ప్రధాన మార్గాలై ఉంటాయని ఈ వివరాలను బట్టి ఊహించవచ్చు.

తలుపులకు ఎర్రరంగు వేసే అధ్యాయం ఈ చరిత్రకు కీలకమైనది. అవిసె గింజలను నీళ్ళు లేకుండా పెనం మీద ఎండబెట్టి, రోట్లో దంచి, జల్లించి, కాచి, బట్టలో చుట్టి గానుగలో పిండితే వచ్చే నూనెతో సింధూరం గాని ఇంగిలీకం గాని నూరి, కుంచెతో తలుపు మీద పూసి ఎండలో ఆరబెట్టి, మళ్ళీ పూయమని అందులో ఉంది. దాని మీద వేసే వార్నిష్‌కు, అదే నూనెను కొత్త కుండలో పోసి, సాంబ్రాణిలా కనిపించే ఒక గట్టి జిగురును పొడి చేసి కలిపి, పొంగనివ్వకుండా నిప్పుల మీద మూడో వంతు ఇంకేదాకా కాచాలి. మంట అంటుకుంటే ఆర్పడం కష్టమని రచయిత హెచ్చరిస్తాడు. ఇంత వివరంలోనూ రంగును పల్చన చేసి ఆవిరైపోయే ద్రవం ఏదీ లేదు. నూనె ఎక్కువైతే రంగు పల్చనవుతుంది, తక్కువైతే చిక్కనవుతుంది. వార్నిష్‌ను కరిగించే పని వేడిదే.

నూనె రంగులతో బొమ్మలు గీయడంలో ఉన్న చిక్కును కూడా థియోఫిలస్ దాచలేదు. ఒక రంగు పూర్తిగా ఆరితే తప్ప దానిమీద మరో రంగు వేయలేకపోవడం మనుషుల బొమ్మల విషయంలో మరీ ఆలస్యం, విసుగు కలిగించే పని అనీ, త్వరగా ముగించదలిస్తే చెర్రీ లేదా ప్లమ్ చెట్ల జిగురును నీటిలో నానబెట్టి అందులో రంగులు నూరుకోవాలనీ చెబుతాడు. అంటే నూనె పూతకు ప్రత్యామ్నాయంగా నీటి పూత అప్పటికే చేతిలో ఉంది. ఆ కుంచెను కడగడానికి నీళ్ళు చాలు. 1774లో జర్మన్ రచయిత లెస్సింగ్ తాను గ్రంథపాలకుడిగా ఉన్న వోల్ఫెన్‌బ్యూటెల్‌లోని ప్రతి ఆధారంగా, నూనె రంగులను 15వ శతాబ్దంలో ఫ్లెమిష్ చిత్రకారుడు వాన్ ఐక్ కనుగొన్నాడన్న, చిత్రకారుల జీవితాలు రాసిన వాసారి కథనాన్ని ఖండించినప్పుడు ఆధారమైనవి ఈ అధ్యాయాలే. నూనె చిత్రకళ పుట్టుపూర్వోత్తరాల గురించిన ఆ వాదానికి పేరొచ్చింది గాని, నూనె రంగు నాలుగైదు వందల ఏళ్ళు ద్రావణి అక్కర లేకుండానే బతికిందన్న సంగతికి అంత పేరు రాలేదు.

ఇది ఎలా సాధ్యమైందో తెలియాలంటే నూనె ఆరే తీరు తెలియాలి. అవిసె నూనె నీటిలా ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుని దాని అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి వలలా అల్లుకుంటాయి. అందుకే ఆరిన నూనె పూత తిరిగి నూనెలో గాని టర్పెంటైన్‌లో గాని కరగదు, మహా అయితే ఉబ్బి మెత్తబడుతుంది. ఆరకముందు మాత్రం అది ఏ నూనెతోనైనా కలిసిపోతుంది. కుంచెను సకాలంలో కడగడమన్న క్రమశిక్షణకు కారణం ఈ రసాయన చర్యే. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది కనుక, నూనె తడిసిన గుడ్డలను ఉండలు చుట్టి ఒక మూల పడేస్తే ఆ వేడి బయటికి పోలేక గుడ్డలు వాటంతట అవే అంటుకుంటాయి. ఐరోపాలోనూ ఇతర చోట్లా వడ్రంగి పనిశాలలు తగలబడటానికి ఇది పాత కారణం, ఇప్పటికీ పోని కారణం. ఆ గుడ్డలను విప్పి పరిచి ఆరబెట్టడం గాని, నీళ్ళలో ముంచి మూత ఉన్న లోహపు డబ్బాలో వేయడం గాని చేయాలి.

కుంచెలను శుభ్రం చేసిన పద్ధతుల గురించి తరువాతి శతాబ్దాల సాక్ష్యం వివరంగా ఉంది. 1400 ప్రాంతపు ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీనీ, పంది వెంట్రుకలతో చేసిన గట్టి కుంచెలను ముందుగా గోడలకు సున్నం వేయడానికి వాడి మెత్తబరచి ఆ తరువాతే చిత్రాలకు వాడమంటాడు; సన్నని వెంట్రుకలను పురుగు తినకుండా తడి మట్టిలో గాని సుద్దలో గాని ముంచి దాచి, అవసరమైనప్పుడు నీళ్ళతో కడుక్కోమంటాడు. 17వ శతాబ్దపు ఐరోపా చిత్రశాలల్లో కుంచెలను నూనె ఉన్న ఒక పాత్రలో ముంచి జాడించేవారు. వెంట్రుకల నుంచి విడిపోయిన రంగులన్నీ అడుగున పేరుకుని బూడిద, గోధుమ ఛాయల ముద్దగా మారితే, దాన్ని పారవేయక కొత్త కాన్వాసుకు మొదటి పూతగా వాడుకునేవారు. నూనెతో జాడించిన కుంచెను చివరికి బూడిద క్షారంతో గాని దానితో చేసిన సబ్బుతో గాని కడిగితే సరిపోయేది. వృథా లేని, గాలిని చెరపని ఈ పద్ధతి అజ్ఞానం వల్ల సాగినది కాదు. ఆ కాలపు పదార్థాలను బాగా ఎరిగిన చేతులు స్థిరపరచినది.

ద్రావణులు పనిశాలకు ఔషధశాల ద్వారా వచ్చాయి. ద్రవాన్ని కాచి, ఆవిరిని చల్లార్చి వేరు చేసే బట్టీపట్టే విద్య పాత నాగరికతల్లో ఉన్నా, ద్రాక్షసారాయం నుంచి మండే ద్రవాన్ని తీసే విధానం ఐరోపాలో 12వ శతాబ్దంలోనే రాతకెక్కింది. ‘మాపే క్లావికులా’ అన్న వృత్తి రహస్యాల సంకలనపు 12వ శతాబ్దపు ప్రతిలో అది సంకేత లిపిలో ఉంది. థియోఫిలస్ కాలానికి అటూ ఇటూగా ఆల్కహాలు రహస్యంగా ఉన్న వస్తువన్నమాట. పైన్ జాతి చెట్ల గాటు నుంచి కారే జిగురును బట్టీపట్టగా వచ్చే టర్పెంటైన్, తెలుగువారు కర్పూర తైలమని మర్దనకు వాడే ద్రవం, ఐరోపాలో మందుగా మొదలై 16వ శతాబ్దం నుంచి చిత్రకారుల వార్నిష్‌లలో కనిపిస్తుంది. రంగు ద్రవ్యాలు, జిగుర్లు, నూనెలు, స్పిరిట్ అమ్మినది ఔషధకారుడే కాబట్టి చిత్రకారుడికీ వడ్రంగికీ రసాయన జ్ఞానం చేరిన తోవ కూడా అదే.

ఆ తోవలో పాడర్‌బోర్న్‌కు ప్రపంచ ప్రసిద్ధమైన స్థానం ఉంది. నగరం పక్కనే ఉన్న నొయ్‌హౌస్‌లో 1783లో జన్మించిన ఫ్రీడ్రిష్ సెర్ట్యూర్నర్ 1799లో నగరంలోని క్రామర్ ఔషధశాలలో పని నేర్చుకోవడానికి చేరి, నల్లమందులో నిద్ర కలిగించే అంశం ఏదన్న ప్రశ్నకు సమాధానం వెదికాడు. నల్లమందు కషాయానికి అమ్మోనియా కలిపినప్పుడు అడుగున దిగిన పదార్థం నీటిలో దాదాపు కరగదు, ఆల్కహాల్‌లోనూ ఆమ్లంలోనూ కరుగుతుంది. ఈ తేడాలను ఒక్కొక్కటిగా పరీక్షించి అతడు దానిని శుద్ధి చేశాడు. 1805 ప్రాంతంలో తొలి నివేదిక వెలువడింది, 1817లో పూర్తి వ్యాసం వచ్చాక మార్ఫీన్ పేరు స్థిరపడింది. వైద్య చరిత్ర దీన్ని మొక్కల ఆల్కలాయిడ్‌ను వేరు చేసిన తొలి విజయంగా లెక్కిస్తుంది. రంగు పని చరిత్రకు అందులోని పద్ధతే ముఖ్యం. ఏది దేనిలో కరుగుతుంది, దేనిలో కరగదు అని తెలుసుకుంటే కలగాపులగమైన పదార్థంలోంచి కోరిన అంశాన్ని మాత్రమే విడదీయవచ్చు. పాత బల్ల మీది మురికిని తీసి వార్నిష్‌ను ఉంచడమైనా, వార్నిష్‌ను తీసి కింది రంగును ఉంచడమైనా ఆ సూత్రం మీదే నడుస్తుంది.

సెర్ట్యూర్నర్ పాడర్‌బోర్న్ వదిలి వెళ్ళిన కొద్ది ఏళ్ళకే జర్మన్ గృహాల్లో బీడర్‌మయర్ అనే నిరాడంబర శైలి ఫర్నిచర్, అంటే 1815, 1848 సంవత్సరాల మధ్య కాలపు శైలి, వ్యాపించింది. చెర్రీ, వాల్‌నట్ కర్రల సహజమైన గీతలను అద్దంలా చూపించే దాని మెరుగుకు మూలం భారతదేశపు లక్క. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు స్రవించే జిగురును కరిగించి రేకులుగా చేస్తే చపడా అవుతుంది. బెంగాల్, ఛోటా నాగపూర్ ప్రాంతాల నుంచి కలకత్తా రేవు మీదుగా ఐరోపాకు చేరిన ఈ చపడాను ఆల్కహాల్‌లో నానబెట్టి, గుడ్డ ఉండతో పలుచని పొరలుగా వందలసార్లు రుద్దేవారు. స్పిరిట్ చవకగా దొరకడం మీద ఈ వృత్తి ఆధారపడింది కనుకనే, బ్రిటన్ 1855లో తాగడానికి పనికిరాకుండా మిథైల్ ఆల్కహాల్ కలిపిన స్పిరిట్‌పై సుంకం ఎత్తివేసినప్పుడు ఫర్నిచర్ పాలిష్ పనివారికి గొప్ప వెసులుబాటు కలిగింది. తెలుగు నాట నేటికీ వడ్రంగులు చేసే స్పిరిట్ పాలిష్ ఈ వంశానిదే.

అదే లక్కతో విశాఖ ప్రాంతపు ఏటికొప్పాకలో వరాహ నది ఒడ్డున మరొక సంప్రదాయం నిలిచింది. తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క కడ్డీని అదిమితే, రాపిడి వేడికే లక్క కరిగి చెక్కకు అంటుకుంటుంది. మొగలి ఆకుతో ఒత్తితే మెరుపు వస్తుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ బొమ్మల తయారీలో లక్కను కరిగించే పని వేడిది, ద్రావణిది కాదు. థియోఫిలస్ కుండలో వార్నిష్ కాచిన తీరుకు ఇదే సమీపంలో ఉంది. జర్మన్ పాలిష్ పనివారు స్పిరిట్‌ను ఎన్నుకోవడం పలుచని పూత కోసం, సమతలమైన పెద్ద ఉపరితలాల కోసం. ఒక పదార్థం ఎక్కడికి వెళితే అక్కడి వస్తువు ఆకారమే దాని వాడకాన్ని నిర్ణయించిందని చెప్పవచ్చు.

స్పిరిట్ పాలిష్ వచ్చాక పాత ఫర్నిచర్‌ను శుభ్రపరచడం కొత్త ప్రమాదంలో పడింది. ఆరిన నూనె పూతకు స్పిరిట్ తగిలినా వెంటనే చెక్కుచెదరదు. లక్క పూతకు తగిలితే క్షణాల్లో కరిగిపోతుంది, ఎందుకంటే లక్క ఆరడం స్పిరిట్ ఆవిరి కావడమే తప్ప రసాయన మార్పు కాదు. బీడర్‌మయర్ అలమరా మీది మురికిని స్పిరిట్ గుడ్డతో తుడిస్తే మురికితోపాటు రెండు వందల ఏళ్ళ మెరుగు కూడా గుడ్డకు వస్తుంది. అదే మురికిని కొద్దిపాటి తడిగుడ్డతో గాని, లక్కను కరిగించని పెట్రోలియం స్పిరిట్‌తో గాని తీయవచ్చు. ఈ ఎంపికను శాస్త్రంగా చేయడానికి జర్మనీలో జరిగిన తొలి ప్రయత్నాలలో మ్యూనిక్ రసాయన శాస్త్రజ్ఞుడు మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్ 1863లో ప్రకటించిన పద్ధతి ప్రముఖమైనది. మసకబారిన చిత్రాలను ఆల్కహాల్ ఆవిరి నిండిన పెట్టెలో ఉంచితే వార్నిష్ మెత్తబడి తిరిగి పారదర్శకమవుతుందని ఆయన చూపాడు. తుడవకుండా, రుద్దకుండా పని జరిగింది కనుక ఆ పద్ధతిని ప్రమాదరహితమనుకున్నారు. కాలక్రమంలో ఆవిరి కింది రంగు పొరలనూ మెత్తబరచి కలగలిపేస్తుందని తేలింది. ద్రావణి కంటికి కనబడకుండా పనిచేసినా పని చేస్తూనే ఉంటుందన్న పాఠాన్ని కళా పరిరక్షకులు కష్టపడి నేర్చుకున్నారు.

ఇక్కడి నుంచి కథ బొగ్గు, పెట్రోలియం వైపు తిరుగుతుంది. పాడర్‌బోర్న్‌కు పడమరగా ఉన్న రూర్ లోయలో ఉక్కు కోసం బొగ్గును కోక్‌గా మార్చేటప్పుడు వచ్చే తారు నుంచి బెంజీన్, టొలుయీన్, జైలీన్ వంటి ద్రవాలు టన్నుల కొద్దీ లభ్యమయ్యాయి. 1825లో ఫారడే వేరు చేసిన బెంజీన్ ఒక శతాబ్దం తిరగకుండానే పనిశాలల్లో మామూలు ద్రవమైంది. టర్పెంటైన్ ఖరీదు కాబట్టి, పెట్రోలియం నుంచి సుమారు 150, 200 డిగ్రీల సెల్సియస్ మధ్య మరిగే భాగాన్ని వేరు చేసి ప్రత్యామ్నాయంగా అమ్మసాగారు. అదే వైట్ స్పిరిట్. పాత పూతను ఊడదీయడానికి 20వ శతాబ్దపు తొలి ఏళ్ళలో అమెరికాలో తయారైన మిశ్రమాలు బెంజీన్, ఆల్కహాల్‌లకు మైనం చేర్చినవి; మైనం పైకి తేలి ఆవిరిని ఆపడం వల్ల ద్రావణి పూత మీద ఎక్కువసేపు నిలిచేది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత నైట్రోసెల్యులోజ్ లాకర్లు వచ్చాయి, అంటే దూదిని నైట్రిక్ ఆమ్లంతో మార్చి ఎసిటోన్, బ్యూటైల్ ఎసిటేట్ వంటి ద్రావణులలో కరిగించిన పూతలు. వీటిని తుపాకీలాంటి పరికరంతో చిమ్మితే నిమిషాల్లో ఆరేవి. పలుచన చేయడానికీ పరికరాలు కడగడానికీ వాడిన మిశ్రమమే తిన్నర్.

ఈ వేగం తూర్పు వెస్ట్‌ఫాలియా, లిప్పె ప్రాంతపు రూపురేఖలు మార్చింది. 1892లో బీలెఫెల్డ్‌లో మొదలైన పొగ్గెన్‌పోల్ వంటి వంటగది ఫర్నిచర్ సంస్థలు, 1937లో రేడా-వీడెన్‌బ్రూక్ ప్రాంతంలో పుట్టిన ఇంటర్‌ల్యూబ్కె వంటి అలమరాల తయారీదారులు, హెర్‌ఫోర్డ్, ల్యోనె పట్టణాల కర్మాగారాలు కలిసి ఈ ప్రాంతాన్ని జర్మనీలోనే ఫర్నిచర్‌కు అతి పెద్ద కేంద్రాలలో ఒకటిగా నిలిపాయి. 1945 మార్చి 27న జరిగిన వైమానిక దాడిలో పాడర్‌బోర్న్ పాత నగరం చాలావరకు కాలిపోయింది. యుద్ధానంతర పునర్నిర్మాణంలో కొత్త ఇళ్ళకు కావలసిన బల్లలు, అలమరాల గిరాకీని తీర్చినది చిమ్ముడు పూతలతో నడిచే కర్మాగారాలే. చేతితో రోజుల తరబడి రుద్దే పాలిష్ ఆ గిరాకీని అందుకోలేకపోయేది. చిమ్ముడు పూతల వేగానికి ఖర్చు మాత్రం మనుషుల ఒంట్లో లెక్కకు వచ్చింది.

బెంజీన్ ఎముక మజ్జను దెబ్బతీసి రక్త క్యాన్సర్ తెస్తుందని తేలినప్పుడు పనిశాలలు దాన్ని క్రమంగా వదిలిపెట్టాయి. దాని స్థానంలో పూత ఊడదీయడానికి ముందుకు వచ్చిన డైక్లోరోమీథేన్ మండదు, నిమిషాల్లో పూతను బుడగలుగా లేపుతుంది. అందుచేత దాన్ని సురక్షితమనుకున్నారు. అయితే అది శరీరంలో కార్బన్ మోనాక్సైడ్‌గా మారి రక్తం ఆక్సిజన్‌ను మోయకుండా చేస్తుంది, దాని ఆవిరి గాలి కంటే బరువు కాబట్టి స్నానాల తొట్టి, నేలమాళిగ వంటి చోట్ల కింద పేరుకుని ఊపిరి ఆపేస్తుంది. మరొక హాని నెమ్మదిగా కనిపించింది. 1970ల నుంచి డెన్మార్క్, స్వీడన్ దేశాల్లో రంగు పనివారిని పరీక్షించిన వైద్యులు ఏళ్ళ తరబడి వైట్ స్పిరిట్, టొలుయీన్ ఆవిరి పీల్చిన వారిలో జ్ఞాపకశక్తి లోపం, చిరాకు, ఏకాగ్రత తగ్గడం గమనించారు. జర్మనీ 1997లో సేంద్రియ ద్రావణుల వల్ల కలిగే మెదడు, నరాల జబ్బులను వృత్తి వ్యాధుల పట్టికలో 1317 సంఖ్యతో చేర్చి పరిహారానికి అర్హత కల్పించింది. పూత పూసి జీవితమంతా గడిపినవారికి చట్టం ఆ గుర్తింపును ఇంత ఆలస్యంగా ఇవ్వడం ఈ చరిత్రలో బాధాకరమైన అంశం.

నిషేధాలు ఆ తరువాత వరుసగా వచ్చాయి. ఐరోపా సమాఖ్య 1999లో పరిశ్రమలు వాడే ద్రావణుల ఆవిరిపైనా, 2004లో ఇంటి రంగులలోని ఆవిరయ్యే అంశాలపైనా పరిమితులు విధించింది. చెక్క, లోహపు వస్తువుల మీద వేసే ద్రావణి ఆధారిత రంగులో లీటరుకు 400 గ్రాముల వరకు ఉండనిచ్చిన ఆ అంశాలను 2010 నుంచి 300 గ్రాములకు కుదించింది, నీటి ఆధారిత రంగుకు పరిమితి 130 గ్రాములు మాత్రమే. డైక్లోరోమీథేన్ ఉన్న పూతనాశకాలను సామాన్య వినియోగదారులకు అమ్మడాన్ని 2009 నాటి నిర్ణయం ద్వారా 2011 డిసెంబరు నాటికి ఆపేసింది. అంతకు చాలా ముందే, 1978లో జర్మనీ మొదలుపెట్టిన నీలి దేవదూత గుర్తు తక్కువ హాని గల వస్తువులను వినియోగదారుడికి చూపించడం ప్రారంభించింది. ఫర్నిచర్ కర్మాగారాలు నీటిలో తేలే సన్నని రెసిన్ కణాల పూతలకూ, అతినీలలోహిత కాంతిలో క్షణాల్లో గట్టిపడే పూతలకూ మారాయి. 1972లో స్థాపితమైన పాడర్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో పూతల రసాయనం ఒక పరిశోధన రంగంగా కొనసాగుతోంది. తీరిక లేనివారికి చెట్ల జిగురు, నీళ్ళు సూచించిన 12వ శతాబ్దపు పుస్తకానికీ, నీటి పూతను కోరే నేటి చట్టానికీ మధ్య నిలిచిన ద్రావణుల ఆధిపత్యం నిడివి సుమారు నూట యాభై ఏళ్ళు.

నగరంలోని డయోసిస్ మ్యూజియం ఈ వృత్తి జాగ్రత్తను మరో కోణంలో చూపిస్తుంది. 1853లో మొదలైన ఆ సంస్థ జర్మనీలో ఈ తరహా మ్యూజియాలలోకెల్లా పాతది. 1051 నుంచి 1076 వరకు బిషప్పుగా ఉన్న ఇమాడ్ పేరుతో ప్రసిద్ధమైన మేరీమాత చెక్కబొమ్మ అందులో ఉంది. లిండెన్ కర్రతో చేసి రంగులు పూసిన ఆ బొమ్మకు, 1058లో కెతీడ్రల్ కాలిపోయిన తరువాత బంగారు పూత రాగి రేకులు తొడిగారు. రేకులు తరువాత పోయాయి. ఇటువంటి వస్తువు మీద ఒక్క పొర కింద మరో పొర చరిత్ర దాగి ఉంటుంది కనుక, బలమైన ద్రావణితో శుభ్రం చేయడం అంటే ఏ శతాబ్దాన్ని చెరిపివేయాలో తీర్పు చెప్పడమే. నేటి పరిరక్షకులు ద్రావణిని జిగటగా మార్చి పైపొర మీదే నిలిపే పద్ధతులనూ, నీటిని లవణాలతో సరిదిద్ది వాడే పద్ధతులనూ ఎంచుకుంటున్నారు. అమెరికన్ పరిరక్షకుడు రిచర్డ్ వోల్బర్స్ 2000లో ప్రచురించిన పుస్తకం నీటి పద్ధతులకు ఆధారగ్రంథంగా నిలిచింది. పాత వస్తువును కొత్తదిలా మెరిపించాలన్న కోరిక ఇక్కడ అణగి ఉండటం మెచ్చుకోదగినది.

ఈ చరిత్ర తెలుగు పట్టణాల్లో ఇంకా వర్తమానమే. విజయవాడ, హైదరాబాదు, విశాఖపట్నంలలో రంగు వేసేవారు రోజు చివర కుంచెలను కిరోసిన్‌లోనో తిన్నర్‌లోనో జాడించి, అదే ద్రవంతో చేతులు కడుక్కోవడం మామూలు దృశ్యం. పాత తలుపుల పూత గీకేటప్పుడు లేచే దుమ్ములో సీసం ఉండవచ్చన్న ఆలోచన అరుదు, భారతదేశంలో గృహ రంగుల సీసానికి పది లక్షల భాగాల్లో 90 భాగాల పరిమితి అమలులోకి వచ్చినది 2017 నవంబరులోనే మరి. ఇక్కడ ఖరీదైన యంత్రం అక్కర్లేదు. పాత తలుపును గీకే ముందు తడిపి దుమ్మును అణచడం, నూనె రంగు కుంచెను ఆరకముందే కాగితంపై తుడిచి వంటనూనెలో పిసికి, సబ్బుతో రెండుసార్లు కడగడం, తిన్నర్ తప్పనిచోట కిటికీలు తెరిచి డబ్బా మూత బిగించడం ఎవరైనా చేయగలరు. ఇంటికి రంగు వేయించేవారు కూలీ మాట్లాడుకునేటప్పుడే పనివారికి ఒక సీసా నూనె, ఒక సబ్బు, కడుక్కోవడానికి నీళ్ళు, నోటికి ముసుగు, చేతికి తొడుగులు తమ ఖర్చుతో సమకూర్చాలి. తిన్నర్‌తో చేతులు కడుక్కునే పరిస్థితి తమ ఇంటి పనిలో రానివ్వకూడదు.